లైకులు కొరికిన కోటు

ఆ కోటు మేకుకు తగిలి చిరగలేదు. బుల్లి తనే కత్తెరతో కోసింది. ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని తనలో తను కూడా అనుకోలేదు.

లోకానికి తెలిసిందల్లా ఆమె పెట్టిన పోస్టే. "ఒక కస్టమర్ గారి కోటు. మేకు పట్టి చీరేసింది. చిరుగు ఎక్కడుందో కనిపెట్టగలరా?" అని రాసి, కింద పూడ్చకముందు ఒకటి, పూడ్చాక ఒకటి, రెండు ఫోటోలు పెట్టింది. పూడ్చిన చోటు ఎవరూ కనిపెట్టలేకపోయారు.

ఆదివారం పొద్దున రోజూలాగే అమ్మ చీపురు పట్టుకుని కిటికీ కింద లైకులు ఊడుస్తోంది.

ఆ ఇంటికి లైకులు చిమటలై వచ్చేవి. ఉన్ని బట్టలు కొరికే చిన్న రెక్కల పురుగులు. బుల్లి ఇవాళ పోస్టు పెడితే రేపు తెల్లారేసరికి కిటికీ సందుల్లోంచి దూరి గోడల మీద వాలేవి. తక్కువ వస్తే అమ్మ చేటలోకి ఎత్తి పారబోసేది, ఎక్కువ వస్తే గొణుక్కుంటూ పారబోసేది. ఎదురింట్లో పాటలు పాడి ఫోన్లో పెట్టే అమ్మాయికి చీమలై వచ్చేవి. వాళ్ళమ్మ పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టుకునేది.

"ఏమే, ఈసారి పరాయి ఊళ్ళవి కూడా దిగినట్టున్నాయి. రెక్కల మీద చారలు చూడు," అంది అమ్మ.

"రీచ్ పెరిగిందమ్మా. ఎక్కువమంది చూస్తున్నారు."

"నీ రీచ్ నా శాలువా తినేసింది."

బుల్లి చిరుగులు పూడ్చడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఏళ్ళు గడిచినా ఎవరూ వచ్చి తీసుకోని బట్టలు యజమానినడిగి ఇంటికి తెచ్చేది. ఫోన్లో వీడియోలు ఆపి ఆపి చూస్తూ, వేళ్ళు పొడుచుకుంటూ, బుల్లి ఆ బట్టల మీదే నేర్చుకుంది. బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగుని అడ్డంగా, నిలువుగా నేసేస్తే, అక్కడ ఒకప్పుడు చిరుగుండేదన్న జాడ కూడా మిగలదు. ఆ పనిలో ఉన్న సుఖం అదే, తంటా కూడా అదే. ఎంత బాగా చేస్తే అంత కనపడదు. కనపడని పనిని చంకన పెట్టుకుని ఎన్ని దుకాణాల మెట్లెక్కినా, "ఇందులో నువ్వు చేసిందేముందమ్మా?" అన్నవాళ్ళే.

"ఫోన్లో పెట్టవే బుల్లీ," అంది అక్క ఒకరోజు. "ముందూ తర్వాతా పక్కపక్కన పెడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది."

అక్కే అకౌంటు తెరిచింది. కిటికీ పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. పేరు కింద ఒక మాట రాసింది: చిరుగు కనపడట్లేదంటే నేను వచ్చి వెళ్ళినట్టే.

"ఇదేంటే అక్కా, దొంగ గురించి రాసినట్టుంది."

"అందుకే గుర్తుంటుంది. ఇవాళ్టి నుంచి నువ్వు మనిషివి కావు, బ్రాండువి. పోయి ముఖం కడుక్కురా."

తర్వాత అక్కకి ఎండ ఊరికి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ తన నీలం కోటు బుల్లి చేతిలో పెట్టింది. మొదటి ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన కోటు. ఒక గుండీ ఊడిపోతే సరైనది దొరక్క, కాస్త పెద్దది తనే కుట్టుకుంది. "అక్కడ దీంతో పనిలేదు. దాచి ఉంచు. ఎప్పటికైనా చలి ఊరికి మారకపోతానా," అంది.

బుల్లి దాచింది. పోస్టులు పెడుతూ పోయింది. కానీ నిజం చిరుగులు ఫోటోకి లొంగవు. అంచులు పీచులై, మాసిపోయి, ఎవరో సగం కుట్టి వదిలేసి ఉంటాయి. లాండ్రీ బట్టలూ అయిపోయాయి. వారానికి మూడు పోస్టులు పెట్టకపోతే జనం మిమ్మల్ని మర్చిపోతారని వీడియోల్లో ఒక పెద్దమనిషి నవ్వుతూ బెదిరించేవాడు. మర్చిపోవడానికి వాళ్ళకి తను గుర్తున్నదెప్పుడు? అయినా భయపడింది. ముందు తన పాత లంగా కోసింది. తర్వాత దిండు గలీబు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చెయ్యి అల్మారాలో దాచిన అక్క కోటు మీదికి వెళ్ళింది. నేత సన్నం, రంగు ముదురు, వెలుతురు బాగా పట్టే బట్ట. మేకు పడితే ఎలా చిరుగుతుందో అలాగే మూల తిప్పి కోసింది. బట్ట చిన్నగా చప్పుడు చేసింది, అంతే. పూడ్చడానికి మాత్రం రోజులు పట్టింది. తను చేసినవాటిలో అంత గొప్ప పని ఇంకోటి లేదు. దాన్ని చూసుకుని గర్వపడింది కూడా.

ఆ పోస్టుకి వచ్చిన పురుగులకి గోడల రంగే మారిపోయింది. వాటి వెనకే ఒక ఫోనూ వచ్చింది. నాటకాల దుస్తులు బాగుచేసే పెద్ద కార్ఖానా నుంచి, అక్కడ మరమ్మత్తు గది చూసుకునే మేడం.

"ఫోటోలు ఎవరైనా పెడతారమ్మా. నాకు వేలితో తడిమి చూడాలి. సోమవారం ఆ కోటు పట్టుకుని రాగలరా? నచ్చితే ఆ రోజే పనిలో చేరిపోవచ్చు. మీ కస్టమర్ ఇస్తారా?"

"ఇస్తారండీ," అంది బుల్లి.

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. బుల్లి ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. అక్క పేరు వెలిగినప్పుడల్లా ఫోన్‌ని బోర్లా తిప్పేసేది.

రేపే సోమవారం కదా, ఇవాళ ఇస్త్రీ చేద్దామని కోటు బయటికి తీసి, బల్ల మీద పరిచి, అలాగే నిలబడిపోయింది. కోత నోరు తెరుచుకుని ఉంది. పురుగులు కోటంతా వదిలేసి, తను నేసిన పోగులు మాత్రం ఒక్కటి మిగల్చకుండా తినేశాయి.

అమ్మ చీపురు గోడకి ఆనించి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

"మేకు పడితే పోగులు తలో పొడుగూ అవుతాయి. ఇవన్నీ సమంగా ఉన్నాయేంటే?"

బుల్లి కోత అంచుల్ని వేళ్ళతో దగ్గరికి లాగింది. అమ్మ ఇంకేమీ అడగలేదు.

"రేపటిలోగా మళ్ళీ నేసేయొచ్చు," అంది బుల్లి.

"నేసేయొచ్చు," అంది అమ్మ. "నీ చేతులకేం."

అమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. బుల్లి కూర్చుని కోటు లోపలి మడత విప్పింది, పోగు లాగింది, సూదికి ఎక్కించింది. అప్పుడొచ్చి వాలింది ఒక గోధుమరంగు పురుగు, సరిగ్గా కోత అంచున. దులపబోయింది.

"దాన్ని దులపకు," అంది అమ్మ వెనక్కి తిరక్కుండానే. "అది మీ అక్కది."

"నీకెలా తెలుసు?"

"రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలీదా? నువ్వేది పెట్టినా ముందొచ్చేది అదే. ఏదీ కొరకదు. నేనూ ఎప్పుడూ పారబోయలేదు. ఈ కోటుకి కూడా అదే ముందొచ్చింది, నేను కిటికీ తెరవకముందే."

బుల్లి చేతిలో సూది ఆగిపోయింది. ఫోటోలో ఆ పెద్ద గుండీ ఉంది. అది తన కోటేనని అక్క గుర్తుపట్టింది. కస్టమర్ గారన్న మాట కూడా చదివింది. చదివి, అందరికన్నా ముందు లైకు పెట్టి, ఆ తర్వాత ఫోన్ చేసింది.

పురుగు కోత అంచునే ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది, దెబ్బ మీద వేలు పెట్టి తడిమినట్టు. నడిచి నడిచి గుండీ ఎక్కి రెక్కలు ముడుచుకుంది.

బుల్లికి రేపటి గది కళ్ళముందు కనపడింది. మేడం వేలితో తడుముతుంది, మెచ్చుకుంటుంది, కస్టమర్ గురించి అడుగుతుంది. మళ్ళీ అబద్ధం చెప్పాలి. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ చెబుతూనే ఉండాలి. కోతని ఇలాగే తీసుకెళ్తే పని దొరక్కపోవచ్చు. దొరికితే మాత్రం మేడం కళ్ళముందే కూర్చుని పూడ్చొచ్చు. కానీ కోటు తనది కాదు. ఇలా తీసుకెళ్ళనా అని ఒకరిని అడగాలి. వద్దంటే ఉత్త చేతులతో వెళ్ళాలి.

సూదిని కోటు కాలరుకి గుచ్చి పక్కన పెట్టింది. ఫోన్ వెల్లకిలా తిప్పింది.

అమ్మ చీపురు చప్పుడు ఆగింది.

"కోటు నేనే కోశానక్కా," అని ముందు ఒకసారి పైకే అనుకుని చూసుకుంది. గొంతు తనదిలాగే ఉంది. అప్పుడు అక్క పేరు మీద వేలు పెట్టింది.