సున్నా కిలోల ఉద్యోగం

మిరపకాయకు తొడిమ తీయడం చూడ్డానికి పనిలా కనపడదు. సాయంత్రానికి చేతులు భగభగా మండి, అన్నం కలుపుకోలేక చెంచా వెతుక్కున్నప్పుడు తెలుస్తుంది. చిలకలూరిపేట రోడ్డులోని మా షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్ళు ఈ పని చేస్తారు. వాళ్ళను తీసుకొచ్చే మేస్త్రిని నేను. నేను కాయ ముట్టుకోను. పొద్దున్నే ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో చుట్టాలు, ఎవరు రాకపోతే ఎవరి చెల్లెల్ని లాక్కురావాలి అని ఇల్లిల్లూ తిరగడం, అందరినీ ఆటోలు ఎక్కించడం, సఫూరాకూ హెలెన్‌కూ మాటల్లేని రోజున ఇద్దరినీ చెరో మూల కూర్చోబెట్టడం నా పని. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఇదే. ఎవరి పెళ్ళి ఏ కోతల్లో జరిగిందో, ఎవరి పెళ్ళిలో పప్పు మాడిందో అన్నీ చెప్పగలను. కానీ ఇప్పుడు చెప్పాల్సింది ఫెబా సంగతి.

ఫెబాకు ఆరో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకు వచ్చిన కడుపు. మొగుడు నతానియేలు ఆటో తిరగబడి, కాలికి రాడ్డు వేయించుకుని మంచాన ఉన్నాడు. వంగి చేసే పని చేస్తే బిడ్డ దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కూర్చుని చేసే పని మా చుట్టుపక్కల ఇదొక్కటే. ఇది పోతే ఫెబా పత్తి తీతకు చేలోకి దిగాల్సిందే.

సరిగ్గా అప్పుడే తాడేపల్లి నుంచి కొత్త హెచ్ఆర్ శ్యామ్ సుందర్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ళ. షెడ్డులోకి వస్తూనే పదకొండు తుమ్ములు తుమ్మి, తర్వాత మాట్లాడాడు.

“అమ్మా, ఇవాళ్టి నుంచి ఎవరి తూకం వాళ్ళదే. గోడ మీద టీవీలో అందరి కిలోలూ కనపడతాయి. నెలాఖరుకు మొదటొచ్చినవాళ్ళకు మిక్సీ. ఆఖరున ఉన్నవాళ్ళను రిలీవ్ చేస్తాం.”

“రిలీవంటే ఏంది?” అంది సఫూరా.

“పీకేస్తారే,” అంది హెలెన్. “మర్యాదగా.”

ఆ రోజు నుంచి అందరూ తొడిమల కన్నా టీవీ వైపే ఎక్కువ చూశారు. హెలెన్ రోజుకు ఇరవై తొమ్మిది కిలోలు తీసింది. మిక్సీని వంటింట్లో ఎక్కడ పెట్టాలో కూడా అనుకుంది. ఫెబా పదహారు దాటలేదు. నడుము పట్టేసి లేస్తుంది, నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. టీవీలో అట్టడుగున ఫెబా పేరు ఎర్రగా వెలిగేది.

ఇరవై ఎనిమిదో తారీఖున నేను ఆయన గదిలోకి వెళ్ళాను.

“బాబూ, కానుపయ్యేదాకా ఫెబాను వదిలేయండి.”

“నాకు మాత్రం ఇష్టమా మామ్మగారూ? ఇదిగో చూడండి, ఆఖరి మనిషి పేరు రాసే గడి. ఇది నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఫారం వెళ్ళకపోతే నన్ను తీసేస్తారు.”

“మీలోనూ ఆఖరివాళ్ళుంటారా?”

“ఏడు షెడ్లకు ఏడుగురం. మూడు నెలలకోసారి ఒకడు పోతాడు.” ఆయన కళ్ళలో నీళ్ళు. ఘాటుకో, భయానికో నేను అడగలేదు.

“జాబితాలో ఎంతమందిమి?”

“మీతో కలిపి ముప్పై ఒకటి.”

“నా కిలోలెన్ని?”

“మీరు కాయలు తీయరు కదండీ. సున్నా.”

“మరి పదహారు ఆఖరెట్టా అయింది?”

“మీరు మేస్త్రి. మిమ్మల్ని లెక్కలో వేయలేదు.”

“మేస్త్రికి దాంట్లో గడి ఉందా?”

చాలాసేపు వెతికాడు. లేదు.

ముప్పయ్యో తారీఖున నాకు ఉత్తరం ఇచ్చారు. అక్షరాలు మరీ సన్నగా ఉంటే హెలెన్ చదివి వినిపించింది: ‘మీ పనితీరు మా అంచనాలను అందుకోలేదు. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం.’ డెబ్బై ఒకటో ఏట నా భవిష్యత్తు గురించి ఒకరు ఆలోచించడం అదే మొదలు. ఫెబా ఏడ్చింది. “ఛ, ఊరుకోవే, కడుపుతో ఉండి ఏడుపేంటి,” అని కసిరాను.

మర్నాడు మామూలుగానే ఇల్లిల్లూ తిరిగి ఆటోలు నింపాను. ఆ ఇళ్ళు ఇంకెవరికి తెలుసు? గేటు దగ్గర వాచ్‌మన్ మాబు ఆపాడు.

“తీసేసినోళ్ళు లోపలికి రాకూడదంట మామ్మా. కుర్చీ ఇక్కడేస్తా, కూర్చో.”

ఆ నెలంతా గేటు బయట కూర్చుని, ఊచల్లోంచి కేకలేస్తూ మేస్త్రి పని చేశాను.

పై ఆఫీసు నుంచి మెప్పు వచ్చింది. నేను పోగానే మనిషికి సగటు పెరిగిందట. సున్నాను తీసేస్తే పెరగదా మరి! పనికిరాని మనిషిని పసిగట్టాడని శ్యామ్ సుందర్‌ను మెచ్చుకున్నారు. ఆయన మాత్రం నెలాఖరుకు గేటు దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“ఈ నెలా ఒక పేరు కావాలి మామ్మగారూ. ఫెబా పద్నాలుగుకు దిగింది.”

“అయితే నన్ను ఇవాళ చేర్చుకుని, ఇవాళే తీసెయ్యండి.”

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత జేబులోంచి కలం తీశాడు.

మూడో నెలకు ఇద్దరికీ చెయ్యి తిరిగింది. ఒకటో తారీఖున చేరడం, ముప్పయ్యో తారీఖున పోవడం. నేను చేరితే సగటు పడుతుంది, పోతే లేస్తుంది. ప్రతి నెలాఖరుకూ ఇంత ఎదుగుదల ఇంకే షెడ్డులోనూ లేదట. ఒకరోజు ఫెబా నడుము నొప్పికి లేచి వెళ్తే, ఊరికే కూర్చోలేక దాని కుప్పలో నాలుగు కాయలు తీశాను. శ్యామ్ సుందర్ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

“ముట్టుకోవద్దండీ! మీ పేరున తూకం పడితే కొంప మునుగుతుంది!”

తొమ్మిది నిండేదాకా ఫెబా ఆ చోట్లోనే కూర్చుంది. నొప్పులు వచ్చిన రోజున పదకొండు కిలోలు తీసి, మాబు పిలిచిన ఆటోలో గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఫారంలో ‘సెలవు’ అనే గడి వెతికి, శ్యామ్ సుందరే ఫెబా పేరు రాశాడు. ఏడుగురిలో మొదటివాడిగా వచ్చాడు కాబట్టి, ఈ వారం అద్దంకిలో మిగతావాళ్ళకు మనుషుల్ని ఎలా ఎంచాలో పాఠం చెబుతున్నాడు.

ఇక నాకెందుకీ తిప్పలనుకుని టీవీ వైపు చూశాను. అట్టడుగున సఫూరా పేరు ఎర్రగా ఉంది. ఈమధ్య దానికి చూపు ఆనడం లేదు.

సాయంత్రం అద్దంకి నుంచి ఫోన్ వచ్చింది.

“మామ్మగారూ, రేపు ఒకటో తారీఖు. రెండు ఫోటోలు తీసుకురండి.”

“పోయిన నెలవి ఉన్నాయిగా బాబూ.”

“తీసేసినవాళ్ళవి మళ్ళీ వాడకూడదండీ.”