కామా చోట సున్నా

చెక్క స్కేలు మరో వరుస కిందికి జరిగింది. గేటు బాబాయి ప్రోగ్రాములను తెర మీద చదవడు. అచ్చు తీయించి, బల్ల మీద పరుచుకుని, వరుస కింద స్కేలు పెట్టి, కలుపు తీసేవాడిలా వంగి చదువుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే స్కేలు. బొటనవేలు ఆనే చోట అంకెలు చెరిగిపోయి, మూడు తర్వాత ఆరు కనిపిస్తుంది.

ఆయన పని కాపలా. కెర్నెల్ అంటే యంత్రానికి గుండెకాయ. బయటివాళ్ళ ప్రోగ్రాము ఏదైనా అందులోకి వెళ్ళాలంటే ముందు తనిఖీ దాటాలి. ఆ తనిఖీ చేసే ప్రోగ్రామును చూసుకునేది ఆయనే. అనుమానం వస్తే వద్దనేస్తాడు. అందుకే ఆ పేరు.

ఇవాళ ముందున్న కాగితాలు పిచ్చుకవి. ఆ అమ్మాయి చేరి రెండేళ్ళు. కీబోర్డు మీటల మీద వేళ్ళు టకటకలాడతాయని ఆ పేరు పెట్టిందీ ఆయనే. అప్పట్లో ముద్దుగానే పెట్టాడు.

సంగతి చిన్నది. బయటి ప్రోగ్రాము, లోపల ఒక్కో పనికి ఒక్కోటిగా ఉన్న ఫంక్షన్లలో ఒకదాన్ని పిలిచి, "సరుకు ఫలానా చోట ఉంది" అని చిరునామా ఇస్తుంది. కొన్ని చోట్లకు తాళం ఉంటుంది: చదవవచ్చు, రాయకూడదు. ఏ ఫంక్షన్ చదివి ఊరుకుంటుందో, ఏది చెయ్యి పెడుతుందో తనిఖీకి అర్థమయ్యేలా ఎవరూ గుర్తు పెట్టలేదు. దాంతో తాళమున్న చిరునామాలన్నిటినీ తనిఖీ గంపగుత్తగా వెనక్కి పంపేది. జనం తిట్టుకుంటూ సరుకును మరోచోటికి నకలు చేసుకునేవారు. పిచ్చుక నలభై మూడు ఫంక్షన్లను ఏరి, పక్కన 'చదువుతుంది', 'రాస్తుంది' అని గుర్తులు పెట్టింది. చదివేవాటికి ఇక తాళమున్న చిరునామా ఇవ్వవచ్చు. అంతే. దానికి గోడబోర్డు మీద మెచ్చుకోలు కార్డు!

ఆ ఆలోచన ఆయనకు పదకొండేళ్ళ కిందటే వచ్చింది. సొరుగులో నోటుపుస్తకంలో ఇంకా ఉంది. చూద్దాంలే అనుకున్నాడు. ఇవాళ పొద్దున ఆ పేజీ తీసి చూసి, సొరుగు ధడాలున మూశాడు.

మొన్న అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆ కార్డు ఊడదీసి, చదివి, ఎక్కడిదక్కడ గుచ్చేశాడు. గుండుసూది మాత్రం పాత కన్నంలో దిగలేదు.

"బాబాయ్, ఐదింటికల్లా నీ సంతకం పడాలి," అన్నాడు ఇన్‌చార్జి వెనక నుంచి. "రేపు వెయ్యి యంత్రాల్లోకి పోతుంది. పిల్ల బంగారం కదూ?"

"బంగారమైతే గీటురాయికి భయమెందుకు? చూడనీ."

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది.

"తిన్నారా?"

"ఊఁ."

"ఏంటా గొంతు? ఎవరి మీద ఏడుస్తున్నారు ఇవాళ?"

పెట్టేశాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

ముప్పై ఎనిమిది ఫంక్షన్లలో ఒక్క తప్పూ దొరకలేదు. మూడింటికి, ముప్పై తొమ్మిదో దాని దగ్గర స్కేలు ఆగింది. కామాలతో విడగొట్టిన వాక్యంలోంచి మొదటి మాట తీసిచ్చే ఫంక్షన్ అది. పక్కన పిచ్చుక 'చదువుతుంది' అని పెట్టింది. లోపల చూస్తే, కామా ఉన్న చోట, మాట అక్కడితో అయిపోయిందనే గుర్తుగా, సున్నా రాసి, పని అయ్యాక మళ్ళీ కామా పెట్టేస్తోంది. తాళమున్న చోట ఆ సున్నా రాయబోయిన క్షణం యంత్రం కుప్పకూలుతుంది.

దొరికావే!

నోరు మూసుకుని సంతకం పెడితే చాలు. నెలాఖరుకు తనకు ఉద్యోగ విరమణ. యంత్రాలు కూలేనాటికి తను ఇంట్లో ఉంటాడు. బోర్డు మీద ఆ కార్డు ఉండదు.

స్కేలు పైకి జరిపాడు. ఫంక్షన్ నెత్తిన పందొమ్మిదేళ్ళ నాటి మాట: 'ఇది చదువుతుంది, అంతే. ఏమీ మార్చదు.' కింద పొడి అక్షరాలు. తనవే.

కామాను తిరిగి పెట్టేస్తున్నాం గనక మార్చనట్టే అనుకున్నాడు అప్పట్లో. గేటు మూసి ఉన్నంత కాలం ఆ తప్పు లోపలే పడి నిద్రపోయింది.

నాలుగింటికి పిచ్చుక వచ్చింది. "ఎక్కడైనా తన్నిందా బాబాయ్?"

"ముప్పై తొమ్మిదోది లోపలికెళ్ళి చదివావా?"

"లేదు. మిగతావన్నీ మూడేసి సార్లు చదివా. అది మీరు రాసింది కదా, మళ్ళీ చూడ్డమెందుకని..."

ఆయన గోటితో స్కేలు అంచు గోకాడు. ఆమె తనను తిట్టి ఉంటే బాగుండేది.

"తీసినచోటే పెట్టినా తీయడం తీయడమే అమ్మాయ్." వేలితో ఆ వరుస చూపించాడు. "రాస్తుంది అని మార్చు."

ఆమె చదివి, నాలుక కరుచుకుంది. "మరి పైన మీ మాట? చెరిపేస్తాలెండి, ఎవరికి తెలుస్తుంది!"

"చెరపకు. ఫలానావాడు పొరపాటు పడ్డాడని పేరు పెట్టి రాయి."

"బాబాయ్..."

"రాయమన్నానా!"

ఆమె వేళ్ళు టకటకలాడాయి. నిమిషంలో అయిపోయింది. ఆ వేగం చూస్తే ఆయనకు అప్పుడూ ఒళ్ళు మండింది. సవరించిన కాగితం మీద సంతకం పెట్టాడు. నోటుపుస్తకం మాత్రం ఆమె కంట పడకుండా సంచిలో వేసుకున్నాడు. అది చూపించేంత మంచితనం ఆయనకు లేదు.

"మిగిలిన సెలవులు వాడేసుకుంటా. రేపట్నుంచి రాను," అన్నాడు ఇన్‌చార్జితో, గుమ్మంలో.

"అదేంటి! మరి వీడ్కోలు సభ?"

"అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది."

బోర్డు ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. కార్డును ముట్టుకోలేదు.

మర్నాడు పిచ్చుక వచ్చేసరికి ఆమె బల్ల మీద, మీటలకు అడ్డంగా, చెక్క స్కేలు పడుకుని ఉంది, మూడు తర్వాత ఆరు చూపిస్తూ.