పాలలో విషం కలిపిన పెద్దకోడలు

ఆసుపత్రిలో అడుగు పెట్టింది మొదలు ఆమెకు కాలు నిలవలేదు. మంచం మీద కడుపు ఆపరేషన్ అయిన భర్త. చేతిలో ఊరికే మోగుతున్న ఫోను. షూటింగ్‌కు ఎప్పుడొస్తారంటూ మేనేజరు ప్రాణం తోడేస్తున్నాడు.

ఏళ్ల తరబడి టీవీ సీరియల్లో దుర్మార్గపు పెద్దకోడలు వేషం ఆమెది. అదెంత పండిందంటే, బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆడవాళ్లు నిలబడే ప్రయాణం చేసేవాళ్లు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి మొగుడూ పెళ్లాలు పడీపడీ నవ్వుకునేవాళ్లు.

నర్సు చెప్పిందని గ్లాసుతో పాలు అందించబోతుంటే, పక్క మంచం మీదున్న తన తమ్ముడికి తోడుగా వచ్చిన పెద్దావిడ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"తాగకు నాయనా. మామగారి పాలలో విషం కలిపింది ఈవిడే."

వార్డంతా ఇటు తిరిగింది. ఆమెకు ఈసారి నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. అదంతా నటనేనని నచ్చజెప్పబోయింది.

"నటనైతే అంత బాగా ఎలా కలిపావు?" అంది పెద్దావిడ.

ఆమె సగం పాలు తనే గటగటా తాగేసి, మిగతావి భర్తకిచ్చింది. అతను కడుపు పట్టుకుని, కుట్లు తెగుతాయి, నవ్వించకండని బతిమాలాడు.

మళ్లీ ఫోను. మధ్యాహ్నానికి రాకపోతే వేషం ఇంకొకరికి ఇస్తారట. కూతురు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఆమె కాలుగాలిన పిల్లిలా మంచానికీ గుమ్మానికీ మధ్య తిరిగింది. పెద్దావిడ చూసి చూసి సంగతి అడిగింది. విని, "వెళ్లు. నువ్వు లేకపోతేనే నాకు నిశ్చింత. ఇతన్ని నేను చూసుకుంటాను" అంది.

సెట్లో కంఠతా వచ్చిన డైలాగులే మరిచిపోయింది. చూపు పదే పదే ఫోను మీదికి పోతోంది. తప్పు చేసినదాని బెదురు కళ్లలో భలే పలికిందంటూ డైరెక్టరు మెచ్చుకుని టేకు ఓకే చేశాడు. మొగుడి కోసం పడ్డ భయాన్ని కూడా వీళ్లు వాడేసుకున్నారే అని ఆమె మనసు చివుక్కుమంది. మేకప్ తుడుచుకోకుండానే ఆటో ఎక్కింది.

వార్డులో మంచం ఖాళీ.

వరండాలోకి పరుగెత్తింది. అక్కడ భర్త చిన్నచిన్న అడుగులు వేస్తున్నాడు, అతని రెక్క పట్టుకుని పెద్దావిడ. లేచి నడవాలని డాక్టరు చెప్పాడట.

ఆమెను చూడగానే పెద్దావిడ అతనికి అడ్డంగా నిలబడింది. మందపాటి కాటుక, గీసిన కనుబొమలు, దట్టంగా ఎర్రరంగు పూసిన పెదవులు. అచ్చం టీవీలో మనిషే.

"మా ఆవిడే పెద్దమ్మా" అన్నాడతను.

ఆమె కళ్ల నుంచి నీళ్లు కాటుకతో కలిసి నల్లగా కారుతున్నాయి. పెద్దావిడ పక్కనున్న కుళాయి కింద కొంగు తడిపి, చంటిపిల్లకు తుడిచినట్టు గట్టిగా మొహమంతా రుద్దింది. లోపలి మొహం బయటపడేదాకా వదల్లేదు.

"ఇప్పుడు పట్టుకో" అని అతని చెయ్యి ఆమెకిచ్చింది.