వదిన చేతుల్లో పాప

కండక్టరు వదిన డ్యూటీ దిగి గుమ్మంలో అడుగు పెడితే చాలు, పసిపిల్ల ఏడుపు మానేసేది. "మేనత్త గొంతు గుర్తుపట్టావుటే, దొంగా!" అంటూ ఆమె ఎత్తుకోగానే భుజం మీద ఒదిగిపోయేది. ఇరుగుపొరుగుకు అది ముచ్చట. కుట్టుమిషను ముందు కూర్చున్న కన్నతల్లికి మాత్రం ఒళ్లు భగ్గుమనేది.

'కన్నది నేను. నా ఒళ్లో గుక్కపట్టి, ఆవిడ ఒళ్లో నవ్వుతుందా?'

వదిన పిల్లకు నీళ్లు పోసే నేర్పు చూసి కుళ్లుకునేది. వదిన హాయిగా గురక పెడితే ఆ నిద్ర మీద కూడా అసూయే. తనకు పిల్ల పడుకున్నా కునుకు పట్టేది కాదు. వీధిలో బిడ్డల్ని చంకనేసుకుని కబుర్లాడే తల్లులంతా తన సంతోషాన్ని లాక్కుపోయినట్టే తోచేది. కత్తిరించిన గుడ్డలు మిషను మీదే పడి ఉండేవి.

పెళ్లికి ముందు నుంచే ఆమెకు దిగులు జబ్బు ఉంది. మాత్రలతో నెమ్మదించింది. నెల తప్పగానే, "కడుపులో బిడ్డను పెట్టుకుని ఇంకా ఆ మాత్రలేంటి, మానెయ్" అన్నది వదినే. ఆమె మానేసింది. డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు.

ఒక సాయంత్రం ఆమె వదిన చేతుల్లోంచి పిల్లను లాక్కుంది. పిల్ల కెవ్వుమంది. వెంటనే తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే ఉంచుకో వదినా. నేను లేకపోతేనే దీనికి బావుంటుంది."

ఆమె కళ్లలో తడి కూడా లేదు. బస్సంతటినీ ఒక్క కేకతో అదుపులో పెట్టే వదిన, పిల్లను భుజాన వేసుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా అడిగింది.

ఆమె అవునన్నట్టు తలూపింది. వదిన ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె భర్తైన తన తమ్ముణ్ణి పిలిచి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"మాత్రలు మానమన్నది నేనేనండీ" అంది వదిన డాక్టరమ్మతో, తల దించుకుని.

"మంచి చేద్దామనే అనుంటారు. కానీ గర్భంతో ఉన్నప్పుడు మందు ఆపాలన్నా, మార్చాలన్నా మమ్మల్ని అడగాలమ్మా. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులూ ఉన్నాయి. ఇది తల్లి తప్పు కాదు, జబ్బు. నయమవుతుంది" అంది డాక్టరమ్మ.

మందులతో, డాక్టరమ్మతో మాటలతో, వదిన పిల్లను చూసుకుంటుంటే దొరికిన నిద్రతో ఆమె మెల్లమెల్లగా కోలుకుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు కుళ్లు పుడుతుంది. కానీ దాచుకోదు. "నిన్ను చూస్తే మండుతోంది వదినా" అనేస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

మొన్న బట్టలు వదులు చేయించుకోవడానికి వచ్చిన ఒక గర్భిణి, "దిగులుకు మాత్రలు వేసుకునేదాన్నక్కా. బిడ్డ కోసం మానేశాను" అంది.

ఆమె కత్తెర పక్కన పెట్టి లేచింది.

"డాక్టరును అడక్కుండానా? పద, నేనూ వస్తాను. బిడ్డ బాగుండాలంటే ముందు తల్లి మనసు బాగుండాలమ్మా."