ఏడుపు లేని చావు

మంచం పట్టిన దగ్గర్నుంచి గురునాథరావు భార్య గౌరీశ్వరిని ఒకటే అడుగుతున్నాడు, తను పోయాక శోకం పెట్టమని. ఆమె మందు అందించి వంటింట్లోకి వెళ్లిపోతోంది.

అడుగుతున్నది ఎవరు? ఉప్పుకవుల ఉద్యమం పుట్టించినవాడు. డెబ్బై మూడులో జాలరిపేట ఇసకలో నిలబడి, కర్మకాండలూ ఏడుపులూ బానిసల అలవాట్లని, తన శవం మీద కన్నీటిచుక్క పడకూడదని ప్రకటించినవాడు. కుర్రకవులు ఆ మాటల్ని గోడలకెక్కించారు. కానీ అతనిది తగరపువలస పక్క పల్లె. అక్కడ ఆడది మాట కట్టి, రాగం తీసి ఏడిస్తేనే మనిషి పోయినట్టు. లేకపోతే కుక్కచావు. ఎంత కవిత్వం రాసినా ఆ భయం వదల్లేదు.

గౌరీశ్వరి ఒక్కసారే శోకం పెట్టింది, కూతురు చిలకమ్మ జ్వరంతో పోయినప్పుడు. "పాలు సల్లారిపోనాయే చిలకమ్మా, ఎవులికి పొయ్యనే" అని గొంతు పోయేదాకా ఏడ్చింది. అతను కిటికీ పక్కన కూర్చుని విన్నాడు. అతనూ ఏడుస్తున్నాడనే అనుకుంది. నెల తిరక్కుండా ఇంటికొచ్చిన శిష్యుడొకడు, ఆమె టీ ఇస్తుండగా, గురువుగారి కొత్త కవిత అంటూ చదివాడు. ప్రతి మాటా ఆమెదే. చిలకమ్మా అన్నచోట మాత్రం దేశమా అని ఉంది. శిష్యుడు వెళ్లాక అడిగితే గురునాథరావు నవ్వాడు.

"ఏడుపుకి ఓనరుంటాడేటే?"

ఆ కవితతోనే అతని పేరు జిల్లాలు దాటింది. ఆ తర్వాత కన్నతల్లి పోయినా గౌరీశ్వరి మాట కట్టి ఏడవలేదు.

ఇప్పుడు అతనికి ఎనభై నాలుగేళ్లు. గాజువాక అద్దె ఇంట్లో ఆయాసపడుతూ మళ్లీ అడిగాడు.

"రెండు మాటలు సాలే. నాను ఎలాగూ ఇనను. ఊరి జనం ఇంటారు."

"బిడ్డకి సెప్పిన మాటలు నీ పుస్తకంలో ఉన్నాయి గదా. అయ్యే సదివించుకో. నా కాడ ఇంకేటీ నేదు."

అతను ఏడ్చాడు. ఆమె మొహం తుడిచి గంజి తాగించింది. సేవలో ఏ లోటూ చేయలేదు.

మంగళవారం పొద్దున పోయాడు. ఊరి నుంచి అతని చెల్లెలు గంగాలమ్మ ఆడవాళ్లని వెంటబెట్టుకొచ్చి వాకిట్లో అడుగుపెడుతూనే రాగం ఎత్తబోయింది. గౌరీశ్వరి అడ్డం నిలబడింది.

"ఏడవొద్దని మీ అన్నే సెప్పేడు వదినా. గోడల మీద రాయించుకున్నాడు."

ఆమె నిబ్బరం చూసి శిష్యులు పిడికిళ్లెత్తి జేజేలు కొట్టారు. గంగాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అన్న కాళ్ల దగ్గర కూలబడింది. గౌరీశ్వరి లోపలికి వెళ్లి, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది.