బెత్తెడు కుట్టు

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ కోడలు అనే పిలిచేవారు. కొట్టు మొత్తం తన నెత్తిన వేసుకుని ఏళ్లు గడిచినా సరే, టైలరమ్మ అంటే అత్తే. ఆ పిలుపు తనకు దక్కుతుందన్న ఆశ కోడలు ఎప్పుడో వదులుకుంది.

అత్తకు అంత పేరు తెచ్చినవి చొక్కా చేతులు. సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ల యూనిఫారాలన్నీ ఈ కొట్టువే. చేతులు వదులుగా ఉంటే యంత్రంలో పడి ప్రాణాల మీదికి వస్తుందని, అత్త వాటిని ఒంటికి అతికించినట్టు కుట్టేది. కోడలికీ అదే నేర్పింది. "మణికట్టు దగ్గర బిగిస్తే చాలదా అత్తయ్యా, పైన అంగుళం వదులు పెడదాం" అని కోడలు ఎప్పుడైనా గొణిగితే, "నువ్వు కుట్టేది చొక్కానా, గోనెసంచా?" అని నోరు మూయించేది. ఆవిడ నోటికి ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

మహమ్మారి మొదటి విడతలోనే అత్త ఆస్పత్రి పాలైంది. గండం గట్టెక్కింది గానీ, మంచం దిగి కిటికీ దాకా నడిస్తే చాలు ఆయాసం ముంచుకొస్తుంది. కొట్టు పైనున్న గదిలోంచి మెట్లు దిగే మాటే లేదు. ఆ మహమ్మారి చాలదన్నట్టు ఈ చలికాలం ఫ్లూ కూడా వీధిలోకి దిగింది. పక్కింట్లో పిల్లలతో సహా అందరూ పడకేశారు. ఎదుటి రొట్టెల కొట్టుకు తాళం పడింది. "ఈసారి జ్వరం తగిలితే మీ అత్తగారు తట్టుకోలేరు. టీకా తప్పకుండా వేయించండి" అని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. 

టీకాల బండి వచ్చి ఎదురుగా ఉన్న బడి ముందు ఆగిన రోజు కోడలి ప్రాణం లేచొచ్చింది. బండిలో వచ్చిన నర్సు ముందే చెప్పింది. బడి హాల్లో లైను పూర్తయ్యాకే, కదలలేనివాళ్ల ఇళ్లకు వెళ్తుంది. చీకటి పడేలోపు బండి ఇంకో ఊరికి బయల్దేరాలి. మళ్లీ ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం దాటింది. లైను చూస్తే ఎక్కడిదక్కడే ఉంది. కోడలు మిషను ఆపి, మాస్కు సర్దుకుని వెళ్లి చూసింది.

ఫ్యాక్టరీ వాళ్లంతా పని దిగి యూనిఫారంలోనే వచ్చేశారు. టీకా వేయాల్సింది భుజం కింద. ఆ చొక్కా చేతులు మోచెయ్యి దాటి పైకి రానంటున్నాయి. ఉన్నది ఒక్కటే తెర. ఒక్కొక్కరూ దాని వెనక్కి వెళ్లి, గుండీలన్నీ విప్పి, చొక్కా ఊడదీసి, టీకా వేయించుకుని, మళ్లీ తొడుక్కుని రావాలి.

"ఎవరండీ బాబూ ఈ చొక్కాలు కుట్టిన మహానుభావులు?" అంది నర్సు విసుగ్గా.

హాలు హాలంతా కోడలి వైపు తిరిగింది.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. అత్త మాట మీద తను బిగించి కుట్టిన చొక్కా చేతులు! అవే ఇప్పుడు అత్తకు అందాల్సిన టీకాకు అడ్డం పడుతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఎండ అప్పుడే గోడ పైకి ఎక్కేసింది. పరుగున వెళ్లి చిన్న కత్తెర తెచ్చింది.

లైను ముందు నిలబడ్డవాడు బాగా పొడుగరి. అందరూ అతన్ని నిచ్చెన అంటారు. "ఇలా తిరుగు. భుజం మీద బెత్తెడు కుట్టు విప్పితే చాలు" అంది.

నిచ్చెన బెదిరిపోయాడు. "అక్కా, ఇది మీ అత్తమ్మ నేర్పిన కుట్టు. తెలిస్తే ఆవిడ నిన్ను బతకనివ్వదు."

"ఆవిడ బతకాలనే కదరా విప్పుతున్నా!"

అతను వంగి భుజం అందించాడు. టీకా అయ్యాక ఇంటికీ పోలేదు. వరసలో ఉన్నవాళ్ల భుజం బట్ట బిగించి పట్టుకుంటూ ఆమె పక్కనే నిలబడ్డాడు. సంగతి చెవిన పడి, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే ఎడమ భుజాలు తిప్పి సిద్ధంగా నిలుచున్నారు. ఆ భుజాలను చూస్తుంటే కోడలికి కళ్లు చెమర్చాయి. లైను చకచకా కదిలింది.

వెలుగుండగానే నర్సు మెట్లెక్కి వచ్చింది. అత్త కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. భుజాలు తెరుచుకున్న చొక్కాలతో వీధిలో పోతున్న జనాన్ని అంతసేపూ చూస్తూనే ఉంది. 

అత్త ఒంటి మీద తన చేత్తో కుట్టుకున్న ఉన్ని చొక్కా. నర్సు దాని చెయ్యి పైకి లాగింది. అది రాలేదు. కింద బండి హారను మోగింది.

"గుడ్లప్పగించి చూస్తావేమే? విప్పు" అంది అత్త.

కుట్టు ఎంత సన్నగా ఉందంటే కత్తెర మొన దూరడం లేదు. కోడలి చెయ్యి వణికింది. "లోపలి వైపు నుంచి పట్టు. అక్కడ ముడి ఉంటుంది" అంది అత్త, నెమ్మదిగా.

టీకా పడింది. కోడలు నర్సును మెట్ల దాకా సాగనంపి, "మీరు చల్లగా ఉండాలమ్మా" అంటూనే ఏడ్చేసింది. నర్సు ఆమె భుజం తట్టి పరుగున దిగిపోయింది.

విప్పిన చొక్కాలన్నీ మర్నాడు కొట్టుకు చేరాయి. అన్నిటినీ పైకి తెమ్మంది అత్త. కాసేపటికి కోడలు వెళ్లి చూస్తే, ఆవిడ మడతలో దాచిన బట్టను బయటికి తీసి, చేతులను అంగుళం వదులు చేసి మరీ కుడుతోంది.

"ఏటేటా వేయించుకోవాలట కదా ఈ టీకా. నువ్వెన్నిసార్లని విప్పుతావు?" అంది తలెత్తకుండా. ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా, "నిన్న నీ చెయ్యి వణికింది. నాకోసమేనని తెలుసులే" అంది.

 ఇంతలో కింద వీధిలోంచి నిచ్చెన గొంతు వినిపించింది. "టైలరమ్మా! మా చొక్కాలయ్యాయా?"

అలవాటు కొద్దీ కోడలు అత్త వైపు చూసింది.

అత్త దారం పంటితో కొరికింది. "నా మొహం చూస్తావేం? పిలిచేది నిన్నే. వెళ్లు."