గడప దాటని వెబ్‌సైట్

మా పెద్దల్లుడికి నోటితో రాని పని లేదు, చేత్తో వచ్చిన పని లేదు. ఎదుటివాళ్ళు ఆవలించినా తన తెలివికి నోరు తెరిచారనుకుంటాడు. మా చిన్నమ్మాయి కుట్టుషాపుకు వెబ్‌సైట్ కావాలనగానే, "నేనుండగా ఇంకొకడెందుకు?" అంటూ తయారయ్యాడు.

ఒక బడివాళ్ళు యూనిఫారాలు కుట్టించాలనుకుంటున్నారు. అక్కడి పెద్ద టీచరమ్మ మా అమ్మాయి పనితనం ఆ సాయంత్రంలోగా తన ఫోన్లో చూసి, నచ్చితే పని ఇస్తానంది. ఆ పని రాకపోతే ఇక మిషన్లు అమ్ముకోవడమే.

కత్తిరించిన గుడ్డల్ని పక్కకు నెట్టి, అల్లుడు బల్లమీద లాప్‌టాప్ పెట్టి పాఠం అందుకున్నాడు.

"డొమైన్ అంటే చిరునామా అత్తయ్యగారూ. హోస్టింగ్ అంటే ఆ చిరునామాలో మనం అద్దెకు తీసుకునే గది. బ్రౌజర్ అంటే జనం ఆ గదిలోకి చూసే కిటికీ. అయినా మీకెక్కడ అర్థమవుతుందిలెండి!"

హోమ్‌పేజీ అంటే వాకిలట. ఆ వాకిట్లో సగం అల్లుడి ఫోటోయే. మా అమ్మాయి కుట్టిన చొక్కా ఓ మూల తపాలాబిళ్ళంత ఉంది.

ఇంతలో టీచరమ్మ ఫోన్ చేసింది, అల్లుడు పంపిన చిరునామాలో ఏమీ కనబడటం లేదని.

"ఆవిడ ఫోన్ పాతదై ఉంటుంది," అన్నాడు అల్లుడు.

మా అమ్మాయి ఫోన్లోనూ రాలేదు. నా ఫోన్లోనూ రాలేదు.

"అందరి ఫోన్లూ చచ్చి, మీ లాప్‌టాప్ ఒక్కటే బతికుందా బావా?" అని విసుక్కుంటూ అమ్మాయి ఇస్త్రీపెట్టె పెట్టుకోవడానికి ఇంటర్నెట్ డబ్బా ప్లగ్గు పీకేసింది. అల్లుడు మళ్ళీ పేజీ తెరిచాడు. ఠకీమని వచ్చింది. చంకలు గుద్దుకున్నాడు.

"చూశావా మరదలా! ఇంటర్నెట్ లేకపోయినా వస్తోంది. అంత గట్టిగా కట్టాను!"

అమ్మాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లాప్‌టాప్‌లోకి వంగి చూసింది.

"ఇంటర్నెట్ లేకుండా వస్తోందంటే, అది ఇంకా మీ లాప్‌టాప్‌లోనే ఉందన్నమాట. గది అద్దెకు తీసుకున్నారు సరే, సామాను చేర్చారా?"

"అప్‌లోడా? అదెంతసేపు, చిన్న పనేకదా అని..."

మాటలు కోటలు దాటాయి గాని, పేజీ గడప దాటలేదు!

అమ్మాయి ప్లగ్గు మళ్ళీ పెట్టింది, లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. ముందు బావ ఫోటో తీసేసింది. చొక్కా కాలరు, జేబు కుట్టు పెద్దవిగా పెట్టింది. హోస్టింగ్‌వాళ్ళ సూచనలు చదువుకుంటూ అప్‌లోడ్ చేసింది. దీపాలు పెట్టే వేళకు టీచరమ్మ మళ్ళీ ఫోన్ చేసి, "కొలతలకు రేపు రామ్మా," అంది.

ఆ సైట్ తనే కట్టానని అల్లుడు ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. కట్టాడు, నేను కాదనను. అప్‌లోడ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం మంచినీళ్ళకని లేస్తాడు.